కడపటి ఫారము

శ్రావణమాసారంభమున నొక యపరాహ్ణవేళ సముద్రముమీదనుండి తరలివచ్చిన నీలమేఘసంఘాతము బందరుపట్టణముమీద నిలిచి కురియుదమా మానుదమా యని తర్కించుకొనుచున్నట్లు గర్జనము లేక మెఱుపు లేక వేచియుండగా ఉప్పునీటి తడి నింపుకొనిన గాలి సందుసందునను జొచ్చి కిటికీరెక్కల నల్లలాడించుచు ఆరవేసిన చీరల నెగురవైచుచు బాటసారులను దుకాణముల చూరులక్రిందికి దరుముచుండెను. అట్టి చూరులలో నొకదానికి చలపతిశెట్టి అద్దె పుస్తకముల షాపు అను పలక వ్రేలాడుచుండెను. తక్కిన చూరులక్రింద నిలిచినవారు వానకు వెఱచి నిలిచిరి. ఈ చూరుక్రింద నిలిచినవారు వాన మాటయే మఱచి కలహించుచుండిరి.

ఆ కలహమునకు మూలకారకులైన పిడపర్తి దక్షిణామూర్తిగారు గొడుగు ముడిచి చంకనిడుకొని ప్రక్కనున్న కిళ్లీబడ్డీ చాటున నిలిచి వినుచుండిరి. పరుల మాటలను చాటునుండి వినుట యపరాధపరిశోధక నవలలు వ్రాయువారికి వృత్తిధర్మమే గాని తన్నుగూర్చిన మాటలను వినుట యెంత కష్టమో యాయనకు నాటివఱకు దెలియదు.

నిబిడాంధకారబంధురములైన పాడుబంగళాలతోను రక్తసిక్తచ్ఛురికలతోను పెట్టుడుగడ్డముల దుండగీండ్రతోను నిండిన యాయన నవలలను జదువనివా రా కాలమున తెనుగునాట నరుదు. మొదటి యధ్యాయమున శవమును రెండవ యధ్యాయమున డిటెక్టివు కుశధ్వజరావును కడపటి ఫారమున హంతకుడును అగపడుట వానియందు తప్పని నియమము. ఫారమనగా అచ్చుకూటమువారు ఒక్కపెట్టున అచ్చొత్తి మడచెడు పదునాఱు పుటల కట్ట. కొందఱు తొందరపాటువారు ముందుగా నా ఫారమునే చదివి హంతకుని పేరు వీధిలో జాటి తక్కినవారి యానందమును భంగపఱచుచుండుటచే శెట్టి యొక యుపాయము పన్ని క్రొత్తనవల రాగానే దాని కడపటి ఫారమును సూదిదారములతో గుట్టివేయుచుండెను. కథ యచ్చటికి వచ్చినపిదపనే చదువరి దారము త్రెంపుకొనవలెను. పుస్తకము మరలివచ్చినపిదప శెట్టి మరల గుట్టవలెను. ఆ దారము త్రెంపునపుడు పెండ్లిపీటలమీద తెర దించునప్పటివలె గుండె కొట్టుకొనునని బందరు చదువరులు మురిసిపోవుచుందురు.

ఇట్లుండగా దక్షిణామూర్తిగారి క్రొత్తనవల "మధ్యాహ్నపు వేళ" వెలువడెను. దానియందు శవము లేదు. కుశధ్వజరావు రైలు దిగలేదు. వకుళ యను నొక కోడలు ఒకనాటి మధ్యాహ్నము ఇంటిల్లిపాదికిని వడ్డించి చేతులు కడుగుకొని పెరటివైపు వెళ్లినది మఱి తిరిగిరాలేదు. నూయి వెదకిరి, కాలువ వెదకిరి, రైలుస్టేషనులో విచారించిరి. అత్త మంచిదే, మగడు మంచివాడే, ఎవ్వరును ఆమెమీద చేయిచేసుకొన్నవారు గారు. ఆమె భోజనము చేసినదా లేదా యని మాత్రము ఎవ్వరికిని జ్ఞాపకము లేదు. వార్త విని వచ్చిన కన్నతల్లి వీధియరుగుమీద గూర్చుండి తోవవైపు చూచుచుండును. కథ యంతే. అధ్యాయపు తుదను "సమాప్తము" అను మాట యైనను లేదు.

మొదట తబ్బిబ్బైనవాడు చలపతిశెట్టియే.

"కుడదామని దారం ఎక్కించుకుని కూర్చున్నానండీ," అని యాతడు గుంపునకు వాపోవుచుండెను. "చూద్దును గదా, కుట్టడానికి ఫారమే లేదు. సమాప్తం లేదంటే బైండింగులో ఒక ఫారం జారిపోయిందన్నమాటే!"

"జారిపోలేదు, మింగేశారు," అని వకీలు గుమాస్తా అనంతాచార్యులుగారు గర్జించిరి. ఆయన కుశధ్వజరావునకు పరమభక్తులు. తన ప్రథమపుత్రునకు ఆ పేరే పెట్టుకొనినవారు. "నాకు తెలుసు, మొగుడే చంపాడు. కాలువగట్టు దగ్గిర చెప్పులు మార్చాడన్నాడు చూశారా, అదే ఆధారం. ఆ ముక్క తేల్చకుండా ఎలా వదుల్తాడండీ మూర్తిగారు?"

బాలికల బడి పంతులమ్మ కరుణాంబగారు చేతనున్న పుస్తకమును రొమ్మునకు హత్తుకొని శాంతముగా బలికెను. "ఫారం ఎక్కడికీ పోలేదు ఆచార్యులుగారూ. కథ అక్కడే ఆగింది. ఆయన ఇంత బాగా ఎప్పుడూ రాయలేదు. రెండోసారి చదివాక నాకు అన్నం సయించలేదు."

"అన్నం సయించకుండా చేసుకోడానికి అద్దెకు తెచ్చుకోవాలా అమ్మా? ఆ పాటి దుఃఖం ఇంట్లోనే బోలెడుంది."

జనులు గొల్లున నవ్విరి. ఆ నవ్వులోనే రెండు పక్షము లేర్పడెను. ఆచార్యులవారి పక్షమువారు పెక్కుమంది. కరుణాంబగారి పక్షమువారు కొలదిమంది గాని గట్టిపిండములు. తన్ను మెచ్చినవారిని జూచి దక్షిణామూర్తిగారు సంతసించిరి. తెగిడినవారిని జూచి యంతకన్న నెక్కుడుగా జాలిపడిరి. ఎందుకనగా వారికి హంతకుని వెదకుట నేర్పినవాడు తానే గదా.

అంతలో శెట్టి యాయనను గనిపెట్టి చేయిపట్టి గుంపులోనికి లాగుకొనివచ్చెను. ఆచార్యులుగారు చెవి యొగ్గి "మొగుడా మామగారా? మా ఒక్కళ్లకీ చెప్పండి, పైకి పొక్కనివ్వం," అని బ్రతిమాలిరి.

"ఫారమేమీ పోలేదండీ," అని యాయన మెల్లగా ననిరి.

అచ్చుకూటమువారి తప్పును కప్పిపుచ్చుచున్నారని తలంచి యాచార్యులవారి పక్షమువారందఱును ముసిముసినగవులు నవ్విరి. వారిని నమ్మించుట యసాధ్యమని గ్రహించి దక్షిణామూర్తిగారు ప్రకాశకుల యొద్దకు నడచిరి.

ప్రకాశకులైన గుండాబత్తుల కోటిలింగముగారు అచ్చుకూటపు ముంగిట తిరిగివచ్చిన పుస్తకముల మూటల నడుమ దిగులుగా గూర్చుండియుండిరి. గుడివాడ మొదలుకొని బరంపురము వఱకు గల యద్దెషాపులవారందఱు పోయిన ఫారమును బంపుడని మూటలు గట్టి పంపుచుండిరి. కోటిలింగముగారు దుష్టులు గారు. ప్రాతనవలలతో బాటు ఈ నవలను గూడ ప్రేమతో నచ్చొత్తించినవారే.

"మూర్తిగారూ, నా మాట వినండి. విడిగా ఒక ఫారం వేసి పంపిద్దాం. కుశధ్వజరావు రైలు దిగుతాడు, మొగుణ్ణి పట్టుకుంటాడు, పీడా పోతుంది."

"ఆయన చంపలేదు," అని దక్షిణామూర్తిగా రనిరి.

"మీరు పుట్టించినవాడే గదండీ!"

 ఇట్లని కోటిలింగముగారు దక్షిణామూర్తిగారి ముఖము చూచి గొంతు తగ్గించిరి. "సరే, ఫారం వద్దు. చివర 'సమాప్తము' అని వెయ్యనివ్వండి. నాలుగక్షరాలు. అది ఉంటే మరి ఫారం పోయిందని ఎవరూ అనరు. రెండోమాటు అచ్చుకు ఎక్కిస్తున్నాం, ఇదిగో కడపటి పుట." ఇట్లని యచ్చుచిత్తును బల్లమీద బఱచి కలమును జేతికిచ్చిరి.

న్యాయమైన కోరికయే. ఎట్టి గ్రంథకర్తయైనను ఇందుకు జంకడు. కాని దక్షిణామూర్తిగారి హస్తము కాగితముమీద నాగిపోయెను. వకుళ యాయన పుట్టించిన పాత్ర గాదు. ఆమె యాయన తోడబుట్టిన యక్క కామాక్షి. ఆమె తెనాలి యత్తవారింటనుండి యట్లే వెళ్లినపు డాయన కళాశాల విద్యార్థి. ఏటేట మహాలయపక్షమున తర్పణములు విడుచునపుడు పురోహితుడు పితృదేవతల పేళ్లు చదువుచు నామె పేరు వచ్చుతావున నాగి తల్లివైపు చూచును. తల్లి తల యడ్డముగా ద్రిప్పును. పురోహితుడు తరువాతి పేరునకు దాటిపోవును. బంధువులు కోపించిరి, శాస్త్రము దెలిసినవారు దోషమనిరి. ఆ తల్లి తాను కన్నుమూయువఱకు కూతురి పేరు మృతుల పట్టికలో జేరనీయలేదు. అట్టి తల్లికి బుట్టినవాడు ఆ కథక్రింద సమాప్తమని యెట్లు వ్రాయును? లోకమునందలి మరణములన్నిటికి హంతకులను జూపి మెప్పువడసిన యాయన తన యింటి కథకు మాత్రము తుది యెఱుగడు. ఆ సంగతి కోటిలింగముగారితో జెప్పుటకు సిగ్గుపడెను. వ్రాయకున్న ఆ మంచివాడు తన మూలమున దివాలాతీయు నని భయపడెను. ఈ రెంటి నడుమ నలిగి నలిగి తుదకు కలము సిరాలో ముంచెను.

అప్పుడే వాన కురిసెను. ముంగిటి తలుపు ద్రోసికొని యొక వృద్ధ తలమీద గోనెసంచి కప్పుకొని లోపలికి వచ్చి చీరచెఱగు పిండుకొనుచు నిలిచెను. ఒడిలో "మధ్యాహ్నపు వేళ" ప్రతి తడియకుండ గుడ్డలో జుట్టియుండెను.

"ఈ పుస్తకాలు రాసే బాబు ఇక్కడుంటాడన్నారు," అని యామె యనెను. "నాకు సదువు రాదయ్యా. మా కోడలు సదివి ఇనిపించింది. ఆఖరు కాగితాలు పోయినాయంట గదా?"

కోటిలింగముగారు అలవాటైన చిఱాకుతో "ఎవరు చంపారో తెలియాలి, అంతేగదా? వేస్తున్నాంలే అవ్వా," అనిరి.

ఆమె యర్థముగానట్లు చూచెను. "సంపటమేంటి బాబూ? సంపారని కోడలు సదవలేదే." పిదప దక్షిణామూర్తిగారివైపు దిరిగి యాయన చేతిలోని కలమును జూచి యీయనయే కాబోలునని దగ్గఱకు జరిగెను. "ఆ కాగితాలు ఇప్పుడే ఇయ్యక్కర్లా నాయనా. ఉన్నయ్యో పోయినయ్యో నీకు తెలుసుగా. ఆ పిల్ల ఇంటికొచ్చిందా?"

ఇన్నాళ్లనుండి నడచిన కలహమునందు ఈ ప్రశ్న నెవ్వరు నడిగియుండలేదు. మెచ్చిన కరుణాంబగారు నడుగలేదు. దక్షిణామూర్తిగారి కన్నులు నీటితో నిండెను. దాచుకొనుటకు బ్రయత్నింపలేదు.

"రాలేదమ్మా," అనిరి. "మా అక్క. ఇంకా రాలేదు."

కోటిలింగముగారు కుర్చీలోనుండి లేచి నిలువబడిరి. వృద్ధ మాత్ర మాశ్చర్యపడలేదు. కథలోని మనుష్యులు ఎక్కడనో యుందురనియే యామె విశ్వాసము. గోనెసంచిని మరల తలమీద సవరించుకొనుచు "మాది చిలకలపూడి. బుల్లెమ్మ ఇల్లంటే ఎవురైనా సూపిత్తారు," అనెను. "ఆయమ్మ వొచ్చినప్పుడు మాకూ ఒక మాట సెప్పి పంపించు. ఎదురుసూత్తా ఉంటాం."

"చెప్పి పంపిస్తానమ్మా," అని దక్షిణామూర్తిగారు లేచి చేతులు జోడించిరి.

ఆమె వానలోనికి దిగి వెళ్లిపోయినపిదప కోటిలింగముగారు బల్లమీది పుటను తీసికొని పోయి యున్నదున్నట్లుగా నచ్చొత్తుడని పనివారికిచ్చిరి. తిరిగివచ్చిన మూట లట్లే యుండెను. వాని గతి యేమగునో యిద్దఱికిని దెలియదు. గ్రంథము మంచిదనువారును చెడ్డదనువారును లోకమున నెప్పుడును గలరు, వారి తగవు వారు తీర్చుకొందురు. దక్షిణామూర్తిగారు గుమ్మమున నిలిచి వానతెరలో నా గోనెసంచి కనుమఱుగగువఱకు జూచుచుండిరి. బ్రతికినంతకాలము వీధియరుగుమీద నొంటరిగా గూర్చుండి కనిపెట్టుకొన్న తన తల్లికి నాడు చిలకలపూడిలో నొక తోడు దొరకెను.