ఆఖరి తేదీ లేని పని

"మీకు ఓపిక ఎక్కువ కదండీ ప్రసన్నకుమారిగారూ, ఆ గ్రేడ్‌బుక్ పని కూడా మీరే చూసుకోండి" అన్నారు మా హెడ్డు అనంతరామయ్యగారు, ఆ ఏడు జూన్‌లో కాలేజీ తెరిచిన రోజున. ఓపిక నాకు దేవుడిచ్చిన వరమని మా డిపార్ట్‌మెంట్‌లో అందరి నమ్మకం. మగ లెక్చరర్లకి ఆ వరం ఇవ్వడం దేవుడు మర్చిపోయినట్టున్నాడు. 2009లో మా తాడేపల్లిగూడెం కాలేజీ మార్కులన్నీ ఇంటర్నెట్‌లోకి ఎక్కించింది. సంవత్సరాన్ని మూడు గ్రేడింగ్ పీరియడ్లుగా విడగొట్టి, ఒక్కోదానికి మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ, మూసేసే తేదీ పెట్టాలి. మూసేశాక ఆ పీరియడ్ మార్కుల్ని ఎవరూ ముట్టుకోలేరు. మంచికో చెడ్డకో అవి అక్కడితో సరి.

ఆ మూసేసే తేదీ నాకు భలే నచ్చింది. ఏలూరులో మా ఇంట్లో అలాంటిది లేదు. మా అత్తగారు జీవరత్నంగారు మిషన్ స్కూల్లో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యారు. బడి మానారు గాని మార్కులు వేయడం మానలేదు. పెళ్లయిన కొత్తలో నేను కొర్రమీను పులుసులో ఉప్పు ఎక్కువ వేశాను. ఏడేళ్లయినా ఆ పులుసు ఇంకా ఉడుకుతూనే ఉంది. అలాగని ఆవిడ నన్ను ఎదురుగా ఏమీ అనరు. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో దేవుడితో చెబుతారు. "మా కోడలికి ఇంటిమీద మనసు నిలిచేలా చేయి తండ్రీ. ఈ ఇంట ఊయల ఊగేలా కటాక్షించు ప్రభువా." ప్రార్థన నడుస్తుండగా మధ్యలో ఎవరూ నోరు తెరవకూడదు. అయ్యాక అందరూ ఆమెన్ అనాలి. నేనూ అంటాను. నామీద పితూరీకి నాచేతే సంతకం పెట్టించుకున్నట్టు ఉంటుంది. శనివారం ప్రార్థన వంతు నాది గాని, ఆవిడ నేర్పిన మాటలే అప్పజెప్పేదాన్ని. వాటిలో నా మాట ఒక్కటీ ఉండేది కాదు.

మా ఆయన ఏసుకుమార్ కలిదిండి వైపు చెరువులకి చేపల మేత అమ్మే కంపెనీలో పనిచేస్తారు. చెడ్డవారు కాదు. చెయ్యెత్తరు, గొంతెత్తరు. ఏమడిగినా "చూద్దాంలే" అంటారు. కిందటేడు నాకు కాకినాడలో ఎంటెక్ సీటు వస్తే "చూద్దాంలే ప్రసన్నా, కంగారేముంది" అన్నారు. చూస్తుండగానే చేరే గడువు దాటిపోయింది. ఈ ఏడు మళ్లీ పరీక్ష రాసి మళ్లీ సీటు తెచ్చుకున్నాను. సెప్టెంబరు ఏడున చేరాలి. రెండేళ్లు సెలవిస్తాం, కానీ ఇంకోసారి అడక్కండి అన్నారు కాలేజీవాళ్లు. ఇంట్లో అడిగాను. చూద్దాంలే అన్నారు. కాదంటే ఏడ్చో, అలిగో, పోట్లాడో సాధించుకునేదాన్ని. చూద్దాంలే అన్న మనిషితో ఏమని పోట్లాడతాం? పక్కన పడుకున్న మనిషికి కూడా చెప్పుకోలేనంత ఒంటరిగా ఉండేది ఆ మాట విన్నప్పుడల్లా.

ఆగస్టు ఆఖరి సోమవారం మొదటి పీరియడ్ మూసేస్తారనగా, ముందు శనివారం మధ్యాహ్నం హిమబిందు అనే సెకండియర్ పిల్ల స్టాఫ్‌రూమ్ గుమ్మంలో నిలబడింది.

"మేడమ్, నా రికార్డు మార్కులు మొదటి పీరియడ్‌లో లేవండీ. జులైలోనే ఇచ్చేశానండీ. మా క్లాసులో ఎవరివీ లేవండీ."

తెరిచి చూస్తే మార్కులన్నీ భద్రంగానే ఉన్నాయి, ఫిబ్రవరిలో మొదలయ్యే మూడో పీరియడ్‌లో. ఏ పనికైనా ఇవ్వాల్సిన ఆఖరి తేదీ వేస్తే, దాన్ని బట్టి అది ఏ పీరియడ్‌దో కంప్యూటర్ తేల్చుకుంటుంది. రికార్డులకి తేదీ వేస్తానంటే ఆనాడు అనంతరామయ్యగారు ఒప్పుకోలేదు. "పిల్లల్ని అంత గట్టిగా అనడం ఎందుకండీ, మెల్లిగా ఇస్తారు, చూద్దాం" అన్నారు. ఖచ్చితంగా ఒక తేదీ చెప్పడం మా వైపు మర్యాద కాదు. శుభలేఖ మీద తప్ప ఎక్కడా వేయం. కంప్యూటర్‌కి ఈ మర్యాదలు తెలియవు. తేదీ లేని పనిని తీసుకెళ్లి ఆఖరి పీరియడ్‌లో పడేస్తుంది.

ఒక్కో రికార్డుకీ జులై తేదీ వేస్తూ కూర్చున్నాను. "ఇంకా ఉందాండీ పని? వస్తామండీ" అంటూ తోటివాళ్లంతా కాలేజీ బస్సెక్కి వెళ్లిపోయారు. ఖాళీ కుర్చీల మధ్య నేనూ, నెత్తిమీద ఫ్యానూ మిగిలాం. తేదీ వేసిన మరుక్షణం ఆ మార్కులు మూడో పీరియడ్‌లోంచి వచ్చి మొదటిదాన్లో కూర్చునేవి. అంత తేలిక. చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది. నా చదువు, జంగారెడ్డిగూడెంలో మా అమ్మ దగ్గర నాలుగు రోజులు ఉండి రావడం, డాక్టరుకి చూపించుకోవాల్సింది నేనొక్కదాన్నేనా అని అడగడం, అన్నీ అక్కడే పడున్నాయి, ఆఖరి పీరియడ్‌లో. ఎవరూ కాదనలేదు. తేదీ వేయలేదు, అంతే. నేనూ వేయలేదు.

ఆర్టీసీ బస్సులో నిలబడి ఇంటికి చేరేసరికి దీపాలు పెట్టేశారు. "చేపలు అలాగే ఉన్నాయమ్మా, ముందు ప్రార్థన కానీ, తర్వాత తోముదువుగాని" అన్నారు అత్తగారు. చాప పరిచి ముగ్గురం మోకాళ్లమీద కూర్చున్నాం. కళ్లు మూసుకున్నాం. శనివారం కాబట్టి వంతు నాది.

"ప్రేమగల తండ్రీ" అని మొదలుపెట్టాను.

"రేపు కాక పై ఆదివారం ఆరాధన అయ్యాక నేను కాకినాడ రైలెక్కుతున్నాను ప్రభువా. సెప్టెంబరు ఏడు, సోమవారం, ఎంటెక్‌లో చేరుతున్నాను. హాస్టల్లో ఉంటాను. నేను లేని రోజుల్లో ఈ ఇంట్లోవాళ్లకి వండుకునే ఓపిక దయచేయి తండ్రీ. యేసు నామమున వేడుకొనుచున్నాము."

పక్కన మా ఆయన ఏదో అనబోయారు. కానీ ప్రార్థన ఇంకా ముగియలేదు, మధ్యలో మాట్లాడకూడదు. నేను ఆమెన్ అన్నాను. అలవాటు కొద్దీ ఇద్దరూ ఆమెన్ అనేశారు, అత్తగారు కాస్త గట్టిగానే. అన్నాక కళ్లు తెరిచారు.

"అదేంటి ప్రసన్నా, చూద్దాం అన్నాను కదా" అన్నారు ఆయన.

"మీరు ఆమెన్ కూడా అన్నారండీ" అన్నాను.

ఏడేళ్లలో ఆ ఇంట్లో నా సొంత మాటకి ఎవరైనా ఆమెన్ అనడం అదే మొదటిసారి.