పొట్టి తీగ మీది అంకె

ఎడమచేతి వేలు అంకెల మీద, కుడిచేతి వేలు చుక్కల మీద ఆనించి, వరసలు పోల్చి చూస్తూనే చుక్కలాయన, తను పనిచేసే ప్రెస్సు యజమాని అల్లుణ్ణి మనసులో తిట్టుకుంటున్నాడు. ముప్పై రెండేళ్లు తను చేత్తో చేసిన పనిని ఆ అల్లుడు ఆరు వారాల్లో ఒక సాఫ్ట్‌వేర్ చేతిలో పెట్టాడు.

బాంజో వాయించేవాళ్లు ఏ తీగను ఏ మెట్టు మీద నొక్కాలో అంకెల్లో రాసుకుంటారు. మిగతా వాద్యాలవాళ్లకు ఆ అంకెలు పనికిరావు. వాటిని అందరూ చదివే స్టాఫ్ నొటేషన్‌లోకి, అంటే ఐదు గీతల మీద చుక్కలుగా మార్చి రాయడమే ఈయన బతుకు. తొమ్మిదో తరగతి తప్పినవాడికి అంతకన్నా మర్యాదైన పని ఇంకెక్కడ దొరుకుతుంది? రాసీ రాసీ నడుము వంగింది, మధ్యవేలు మీద శనగగింజంత కాయ కాసింది. ఇప్పుడేమో అంకెలు లోపల పడేస్తే కాఫీ చల్లారేలోపు చుక్కలు బయటికొచ్చేస్తున్నాయి. ఈయనకు మిగిలింది చూసి సంతకం పెట్టడం.

"తప్పుంటే చెప్పండి బాబాయ్. కుర్చీ నిలబెట్టుకోడానికి మాత్రం తప్పులు వెతక్కండి," అన్నాడు అల్లుడు పొద్దున్నే, నవ్వుతూ. ఆ నవ్వు గొంతులో చేపముల్లులా అడ్డంపడి ఉంది.

టేబులు మీదున్నది బాంజో మాస్టారి రెండో పుస్తకం. ముప్పై ఎనిమిది పాటలు. నాలుగింటికి అచ్చుకు వెళ్లాలి. మాస్టారు ఆసుపత్రిలో ఉన్నారు, పుస్తకం కళ్లతో చూస్తే చాలంటున్నారు. ఈసారి పాటలన్నీ వాయించి రికార్డు కూడా చేయించారు. వాళ్లమ్మాయి తెచ్చిచ్చిన ఆ రికార్డునే చుక్కలాయన చెవులకు తగిలించుకుని వింటున్నాడు.

ఏడో పాటలో వేలు ఆగింది.

బాంజోకి ఐదో తీగ పొట్టిది. దాన్ని బిగించే మేకు ఐదో మెట్టు దగ్గరే ఉంటుంది, తీగ అక్కణ్ణుంచే మొదలవుతుంది. బొటనవేలు మీటుతుంటే అది ఒకే స్వరంలో మోగుతూ ఉంటుంది. పేజీలోనూ ఒకే చుక్క. చెవిలో మాత్రం ఆ స్వరం పైకి లేచింది. వెనక్కి తిప్పి విన్నాడు. మళ్లీ లేచింది. అంకెల కాగితంలో ఆ తీగ మీద 2 అని ఉంది.

దొరికాడు దొంగ అనుకున్నాడు. చొక్కా సర్దుకుని అల్లుడి గదిలోకి వెళ్లాడు. ఇన్నాళ్లకు కాళ్లు తేలిగ్గా పడ్డాయి.

అల్లుడు వాదించలేదు. తెర మీద సాఫ్ట్‌వేర్ నియమాల్లోంచి ఒక వాక్యం వెతికి చూపించాడు. పొట్టి తీగ మీద ఐదులోపు అంకె ఉంటే అది మెట్టు కాదు, ఏ వేలితో మీటాలో చెప్పే గుర్తు. కాబట్టి నొక్కని ఒట్టి తీగ స్వరమే రాయాలి.

"ఈ నియమం నా సొంతం కాదు బాబాయ్. మాస్టారి మొదటి పుస్తకంలో మీరు ప్రతిచోటా ఇలాగే రాశారు. చూసి పెట్టాను. తప్పంటారా?"

చుక్కలాయన ఆ వాక్యం ఇంకోసారి చదివాడు. చూసి చెప్తానని ఎలాగో అని బయటపడ్డాడు.

ఇరవై ఆరేళ్లనాటి పుస్తకం బీరువాలోంచి దించాడు. ఐదో మెట్టుకు ఇవతల ఆ తీగే లేదు, మరి రెండో మెట్టు ఎక్కడిది, ఇది రెండో వేలే అయ్యుంటుందని అప్పట్లో ఒక పూటలో తేల్చేశాడు. మాస్టారిని అడిగితే చిన్నతనమనుకున్నాడు. ఇప్పుడు రికార్డుతో పోల్చి చూస్తే, మాస్టారేమో ఆ పొట్టి తీగ మెట్లను దాని మేకు దగ్గర్నుంచే లెక్కపెట్టుకునే మనిషని తేలింది. ఆయనకు చుక్కలు చదవడం రాదు. పుస్తకం చేతికిచ్చిన రోజు పేజీలు నిమిరి, ముచ్చటగా ఉంది తమ్ముడూ అన్నారు, అంతే.

రెండు దాటింది. సంతకం పెట్టేస్తే కథ కంచికే. ఒట్టి తీగ మోగినా వినడానికి బాగానే ఉంటుంది, ఇన్నేళ్లుగా ఎవడైనా పట్టుకున్నాడా? నోరు విప్పితే ఇక ఈ ప్రెస్సులో తన చూపుకి విలువుండదు. బైండింగాయన తలుపులోంచి తొంగిచూసి, ఏమయ్యా, యంత్రం పాసైందా ఫెయిలైందా అని ఎకసెక్కంగా అడిగాడు. చుక్కలాయన తలెత్తలేదు. పాత పుస్తకంలో తప్పు పడిన చోట్లను పెన్సిలుతో లెక్కపెడుతున్నాడు.

మూడున్నరకు మళ్లీ అల్లుడి ముందు నిలబడ్డాడు.

"నియమం తప్పు. నా తప్పు. ఆ తీగ మీద సున్నా కాని ప్రతి అంకెకీ ఐదు కలిపి చదవమను."

అల్లుడు ఆయన మొహంలోకి చూసి, మీటలు నొక్కాడు. ముప్పై ఎనిమిది పాటలూ రెప్పపాటులో మారిపోయాయి. ఏడో పాట విన్నారు. ఈసారి పేజీలో చుక్క కూడా లేచింది. చుక్కలాయన సంతకం పెట్టాడు.

"మరి మొదటి పుస్తకం?"

"రెండువందల ఆరు చోట్ల."

"ఎవరికి తెలుసు బాబాయ్? వదిలేయండి."

"ఆయనకి తెలియాలి," అని సంచి భుజాన వేసుకుని మెట్లు దిగాడు.

వారం తర్వాత పుస్తకాలు తీసుకెళ్లడానికి వచ్చిన మాస్టారి అమ్మాయి ఆ సాయంత్రం సంగతి చెప్పింది. చుక్కలాయన మంచం పక్కన స్టూలు మీద కూర్చుని అంతా చెప్పాడట. నాన్న అంతా విని, అయితే ఇన్నేళ్లూ పుస్తకం చూసి వాళ్లు వాయించింది నా పాట కాదన్నమాట, అన్నారట. తర్వాత చేయి చాపితే ఈయన పట్టుకోకుండానే లేచి వెళ్లిపోయాడట.

ప్రెస్సుకీ మళ్లీ రాలేదు. యజమాని మనిషిని పంపిస్తే ఇంటికి తాళం ఉంది.

నెలాఖరున అల్లుడు ఆ టేబులు ఖాళీ చేయించాడు. సొరుగు అడుగున గుడ్డలో చుట్టి ఒక కలం ఉంది. ఒకే పిడికి ఐదు పాళీలు, ఒక్కసారి లాగితే ఐదు గీతలు పడేలా. అతను కాగితం మీద లాగి చూశాడు. సిరా ఎండిపోయింది. ఐదు ఒట్టి గీరలు పడ్డాయి, చివరిదాకా సమానంగా.