ఆదా అయిన రెండు గంటలు

మీటింగులు అయ్యాక టీ కప్పులు ఎత్తడం నా ఉద్యోగంలో భాగమని ఎక్కడా రాసి లేదు. మా ఆఫీసులో ఆడదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, ఆ పని ఎవరూ చెప్పకుండానే నా చేతికి వచ్చి అంటుకుంది. మొదట్లో ఒకటి రెండుసార్లు చూసీ చూడనట్టు కూర్చున్నాను. కప్పుల మీద ఈగలు ముసిరాయి. మా సారు ఈగల వంక చూడకుండా నా వంక చూశారు. అప్పట్నుంచి నేనే ఎత్తుతున్నాను. ఆ రోజు కూడా కప్పులు ట్రేలో పేరుస్తుంటే, పై ఊరి నుంచి వచ్చిన పెద్ద మేడమ్ కుర్చీ నా పక్కకి లాక్కుని కూర్చుని, "పొద్దున లేచిన దగ్గర్నుంచి మీ రోజు ఎలా గడుస్తుందో కాస్త చెప్తారా?" అని అడిగారు. పెళ్ళయ్యాక నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆవిడే. నేను ట్రే కింద పెట్టేశాను.

ఆవిడా, ఆవిడతో వచ్చిన ఇద్దరు మగవాళ్ళూ ఆర్కిటెక్టులు. మా ఆఫీసు ఉన్న పేటని మార్చడానికి వచ్చారు. అక్కడున్నవన్నీ బ్యాంకులు, ఇన్సూరెన్సు కంపెనీలు, అద్దాల మేడలు. సాయంత్రం అయిందంటే జనమంతా ఖాళీ చేసి పోతారు. చివరికి టీ కొట్టువాడు కూడా షట్టరు దించేస్తాడు. ఈమధ్య పగలు కూడా సగం అంతస్తులు బోసిగా ఉంటున్నాయి. ఆ ఖాళీ అంతస్తుల్ని ఇళ్ళుగా మార్చి, వీధిలో చెట్లు నాటి, బెంచీలు వేసి, బడీ అంగళ్ళూ తెచ్చి, మనుషులు కాపురాలుండే చోటుగా చేయాలని వాళ్ళ ఆలోచన. ఇక్కడ వాళ్ళకి చేదోడుగా ఉండే పని మా ఆఫీసుకి దొరికింది.

నా పని బొమ్మల్లో మనుషుల్ని పెట్టడం. రేపు రాబోయే వీధి ఎలా ఉంటుందో కంప్యూటర్లో బొమ్మ గీస్తారు కదా, అందులో మనిషి అన్నవాడు లేకపోతే చూసేవాళ్ళకి దిగులేస్తుంది. కత్తిరించి దాచుకున్న మనుషుల ఫోటోలు నా దగ్గర బోలెడు ఉంటాయి. వాళ్ళని తెచ్చి ఆ వీధిలో అక్కడొకరిని ఇక్కడొకరిని నిలబెడతాను. మగవాళ్ళయితే బెంచీ మీద కాలు మీద కాలేసుకుని కూర్చోవచ్చు. ఆడవాళ్ళ చేతిలో మాత్రం ఏదో ఒకటి ఉండి తీరుతుంది. కూరగాయల సంచో, చంటిబిడ్డో, బడికెళ్ళే పిల్ల చెయ్యో. ఒకసారి ఊరికే కూర్చున్న ఒకామెని బెంచీ మీద పెడితే మా సారు వంగి చూసి, "ఈవిడ ఎవరికోసం ఎదురుచూస్తోంది? పక్కన ఒక పిల్లని పెట్టు, కళగా ఉంటుంది" అన్నారు. పెట్టాను. కళ వచ్చిందని అందరూ ఒప్పుకున్నారు.

సరే, పెద్ద మేడమ్‌కి నా రోజు చెప్పాను. పొద్దున్నే లేవడం, వంట, అత్తయ్య మందులు, కూతురి జడ, మా ఆయన డబ్బా, బస్సు, ఆఫీసు, మళ్ళీ బస్సు, మళ్ళీ వంట. నేను చెప్తుంటే ఆవిడ ఒక పొడుగాటి కాగితం మీద రంగులు వేస్తూ పోయారు. ఇంటి పనికి ఎరుపు, ఆఫీసుకి నీలం, బస్సుకి బూడిద. చివర్న ఆ బూడిదరంగు ముక్కలు రెండింటి మీదా పెన్సిలుతో తట్టి, "చూశారా, రోజుకి రెండు గంటలు రోడ్డు మీద వృథాగా పోతున్నాయి. మీ ఇల్లు ఇక్కడే ఉంటే ఇవి మీకు వెనక్కి వచ్చేస్తాయి" అన్నారు. ఎంత ఆప్యాయంగా అన్నారంటే, నేను తలూపేశాను.

నిజానికి చెప్పాల్సింది అప్పుడే. ఆ బస్సులో వెనక నుంచి రెండో సీటు, కిటికీ పక్కది, నాకు దాదాపు రోజూ దొరుకుతుంది. ఎక్కగానే ఫోను సంచి అడుక్కి తోసేస్తాను. ఎవరైనా అడిగితే రొదలో వినబడలేదని చెప్పొచ్చు. కాసేపు ఏమీ తోచదు. తర్వాత మెల్లగా తోచడం మొదలవుతుంది. చిన్నప్పుడు నాకు ఇష్టమైన పాట, ఎప్పుడో పోయిన స్నేహితురాలి నవ్వు, నిన్న అత్తయ్య అన్న మాటకి నేను అనాల్సిన జవాబు. మా నాన్న పోయినప్పుడు ఇంట్లో చుట్టాలకి వండి వడ్డించడంతోనే సరిపోయింది. పదిరోజులు పోయాక ఆ సీట్లో కూర్చుని ఏడ్చాను. పక్కనున్నామె ఏమీ అడగకుండా తన సంచి కాస్త జరుపుకుంది. ఇంట్లో నేను కోడల్ని, ఆఫీసులో కప్పులెత్తే మనిషిని. నేనంటూ ఒకదాన్ని ఉన్నానని నాకు గుర్తొచ్చేది ఆ కుదుపుల్లోనే. కానీ ట్రాఫిక్కులో ఇరుక్కుని కూర్చోవడం నాకిష్టమని ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఆ కాగితం పెద్ద తెర మీదకి ఎక్కింది. ఊరి పెద్దల ముందు వాళ్ళ పథకం చెప్పే రోజున ఆఫీసు వాళ్ళ కుటుంబాల్ని కూడా పిలిచారు. మా ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడో వరసలో కూర్చున్నాడు. నా పేరు చెప్పకుండా 'ఒక ఉద్యోగిని' అని చెప్పి, ఎరుపుకీ నీలానికీ మధ్య ఉన్న నా బూడిదరంగు చూపించారు. తర్వాతి బొమ్మలో ఆ రంగు లేదు. అందరూ చప్పట్లు కొట్టారు, మా ఆయన కూడా కొట్టాడు. టీ దగ్గర మా సారు ఆయన భుజం మీద చెయ్యేసి, మా ఆఫీసు ఉన్న మేడలోనే రెండంతస్తుల పైన ముందుగా కొన్ని ఇళ్ళు సిద్ధం చేస్తున్నామని, ఆఫీసు తరఫున సిఫారసు చేసి ఒకటి మాకు అద్దెకి ఇప్పిస్తానని చెవిన వేశారు. నేను చేరేసరికి అంతా ఖాయమైపోయింది. నన్నొక మాట అడగాల్సిందని అంటే మా ఆయన ఆశ్చర్యపోయాడు. "అడిగేదేముంది? సుఖపడేది నువ్వేగా" అన్నాడు.

ఆ రెండు గంటలూ ఇంకా నా చేతికి రానే లేదు, ఇంటిల్లిపాదీ కూర్చుని పంచేసుకున్నారు. అత్తయ్య మోకాళ్ళకి నూనె రాయడానికి పొద్దున కాస్త. మా అమ్మాయికి లెక్కలు చెప్పడానికి సాయంత్రం కాస్త. బడి అయ్యాక ఆడపడుచు పిల్లల్ని మన దగ్గర దించితే ఆమెకీ ఊపిరాడుతుందట. మధ్యాహ్నం ఒక్క అడుగు పైకి వచ్చి అత్తయ్యకి వేడిగా వడ్డించి పోవచ్చట. పంపకం అయ్యాక చూసుకుంటే నేను రెండు గంటలకి మించి బాకీ పడ్డాను. ఒకరోజు ధైర్యం చేసి, నాకు బస్సులో రావడం కష్టంగా ఏమీ లేదన్నాను. మా ఆయన తలుపు వైపు ఓసారి చూసి, "ఈ మాట ఎవరి ముందూ అనకు, నవ్వుతారు" అన్నాడు. ఆయన వెటకారంగా అనలేదు. నా పరువు గురించే బెంగపడ్డాడు.

ఇల్లు మారిపోయాం. అబద్ధం చెప్పకూడదు, వీధి బాగుంది. చెట్లు చిన్నవే గానీ నీడ మొదలైంది. మా అమ్మాయి సాయంత్రాలు కింద సైకిలు తొక్కుతుంది. అత్తయ్యకి బెంచీ మీద కబుర్లు చెప్పుకోవడానికి నలుగురు దొరికారు. మా ఆయన ఆఫీసు కూడా పక్క వీధిలోనే కాబట్టి పొద్దున ఇంకాస్త సేపు పడుకుంటాడు. అందరి మొహాలూ తేటపడ్డాయి.

నాకు మాత్రం ఇంటికీ ఆఫీసుకీ మధ్య ఒక లిఫ్టు మిగిలింది. తలుపు మూసుకుని మళ్ళీ తెరుచుకునేలోపు ఏం తలుచుకోగలం? అత్తయ్య అందులో దిగి నేరుగా నా బల్ల దగ్గరికే వచ్చేస్తుంది. "అమ్మాయ్, గ్యాసు అయిపోయింది." "అమ్మాయ్, కుళాయి కారుతోంది." మొదటిరోజు ఆఫీసులో నవ్వుకున్నారు. తర్వాత ఆవిడకి కుర్చీ వేయడం నేర్చుకున్నారు. సారేమో, "ఇల్లు పైనే కదమ్మా, ఈ బొమ్మ పూర్తి చేసి వెళ్ళు" అంటారు. ఎవరైనా పెద్దవాళ్ళు పేట చూడటానికి వస్తే వాళ్ళని మా ఇంటికి తీసుకొస్తారు. దుప్పట్లు సర్ది, గిన్నెలు దాచి, ఆఫీసు బట్టల్లోనే నేను తలుపు తీసి వాళ్ళకి టీ ఇవ్వాలి. కప్పులు ఇప్పుడు పైనా నావే, కిందా నావే.

ఒక ఆదివారం ఏమీ తోచక చెప్పులు వేసుకున్నాను. మా ఆయన పేపరు మీంచి తలెత్తి ఎక్కడికని అడిగాడు. ఊరికే బయటికన్నాను. ఏం కావాలన్నాడు. ఏం కావాలో నేను చెప్పేలోపే, "పాలు, కూరలు, మందుల షాపు అన్నీ కిందే ఉన్నాయిగా, ఊరంతా తిరగడం దేనికి?" అన్నాడు. నిజమే, అన్నీ కిందే ఉన్నాయి. గడప దాటడానికి ఒక సాకు కూడా లేకుండా నా బతుకుని ఎంత శ్రద్ధగా కట్టారో నాకు అప్పుడు అర్థమైంది. చెప్పులు విప్పేశాను. ఆ రోజు మధ్యాహ్నం గిన్నెలు తోముతూ, చచ్చిపోతే ఎలా ఉంటుందని కొంచెం సేపు ఆలోచించాను. ఎందుకంత హాయిగా అనిపించిందా అని భయపడి కుళాయి ఇంకా పెద్దగా తిప్పాను.

ఏడాది తిరిగాక పెద్ద మేడమ్ తను కట్టించిన పేట ఎలా ఉందో చూసుకోవడానికి మళ్ళీ వచ్చారు. మా ఇంటికీ వచ్చారు. ఎలా ఉంది మీకు అని నన్ను అడిగితే అత్తయ్య అందుకుని, "దానికేమండీ, మహారాణి! ఇదివరకు చీకటిపడ్డాక ఎప్పుడో వచ్చేది. ఇప్పుడు పిలిస్తే పలుకుతుంది" అంది. మేడమ్ నవ్వి రాసుకోబోయి ఆగారు. నేను టీ పెట్టడానికి లేస్తే వెనకే వంటింట్లోకి వచ్చి, గొంతు తగ్గించి, "ఆ రెండు గంటలూ మీరేం చేస్తున్నారు?" అని అడిగారు.

"అవి లేవండీ. అయిపోయాయి" అన్నాను.

టీ పొంగబోతే ఆవిడ చెయ్యి చాచి మంట తగ్గించారు. తర్వాత గిన్నె వైపే చూస్తూ చెప్పారు. "నేను నెలలో సగం రోజులు ఇంట్లో ఉండను. ఎక్కడో ఒక ఊళ్ళో పని పెట్టుకుంటాను. నా కాళ్ళకి చక్రాలున్నాయని మా వాళ్ళు వేళాకోళం చేస్తారు. రైల్లో తలుపు పక్క సీటు దొరికితే చాలు నాకు. ఎందుకు తిరుగుతానో ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు."

అలాంటి మాట విన్నాక జాలి కలగాలేమో. నాకు కోపం వచ్చింది. ఒళ్ళంతా మండేంత కోపం. తన రైలు సీటు ఎవరికీ తెలియకుండా కొంగున ముడేసుకుని, నా బస్సు సీటుకి వృథా అని పేరు పెట్టింది ఈవిడేనా అని. తెలియక చేసిన మా ఆయన మీద కూడా నాకంత కోపం రాలేదు. టీ వడకట్టి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ తాగి, తన కప్పు తనే కడిగి పెట్టి వెళ్ళిపోయారు. లిఫ్టు దాకా నేను వెళ్ళలేదు.

కానీ ఆవిడ పెట్టిన చిచ్చు ఆరలేదు. ఎందుకో ఎవరికీ చెప్పకుండా తిరుగుతుందట. చెప్పి ఒప్పించాలని చూసి ఓడిపోయాను గానీ, చెప్పకుండా వెళ్ళొచ్చని నాకు తట్టనే లేదు. ఆ తర్వాత గుట్టుచప్పుడు కాకుండా ఉద్యోగం వెతకడం మొదలుపెట్టాను. దగ్గర్లో రెండు వచ్చాయి, వద్దన్నాను. ఊరి అవతలి చివర, గోడౌన్లు దాటాక, యంత్రాల విడిభాగాల బొమ్మలు గీసే చిన్న ఆఫీసు ఒకటి దొరికింది. ఆ బొమ్మల్లో మనుషులు ఉండరు. ఇద్దరు ఆడవాళ్ళు అప్పటికే పనిచేస్తున్నారు, కప్పులు ఎవరివి వాళ్ళే కడుక్కుంటున్నారు. సరేనని మాటిచ్చి వచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం అందరూ కంచాల ముందు ఉన్నప్పుడు చెప్పాను, వచ్చే వారం నుంచి అక్కడికి వెళ్తున్నానని. అత్తయ్య చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నా మోకాళ్ళ సంగతేమిటి అన్నట్టు కొడుకు వంక చూసింది. మా ఆయనకి కోపం కంటే ముందు అయోమయం వచ్చింది. మెట్లు దిగితే ఉన్న ఉద్యోగాన్ని మతి ఉన్నవాళ్ళెవరైనా వదులుకుంటారా అన్నాడు. జీతం ఎక్కువిస్తారా అన్నాడు, ఇవ్వరన్నాను. పెద్ద హోదానా అన్నాడు, కాదన్నాను. మా అమ్మాయి తినడం మానేసి మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూస్తోంది.

"మరి అక్కడ ఏముందని వెళ్తానంటున్నావు?" అన్నాడు.

"రెండు బస్సులు మారాలండీ" అన్నాను.