ఢిల్లీబాబు గొంతు

పుస్తకం బయటికొచ్చిన కొద్ది రోజులకే గౌరీశ్వరికి ఫోనంటే భయం పట్టుకుంది.

టెక్కలి కాలేజీలో తెలుగు చెప్పి, రిటైరయ్యాక పలాసలో స్థిరపడిన మనిషి ఆమె. ఊరూరా తిరిగి, పదిమందినీ అడిగి, ఢిల్లీబాబు జీవిత చరిత్ర రాసింది. ఉద్దానంలో పుట్టి, జీడిపిక్కలు కోసే యంత్రాలకు కళ్ళు పెట్టినవాడు ఢిల్లీబాబు. కత్తి దగ్గరికి మనిషి చెయ్యి వస్తే కెమెరా పసిగట్టి యంత్రాన్ని ఆపేస్తుంది. ఆ ఒక్క ఆలోచనతో విశాఖలో కంపెనీ పెట్టాడు, పెద్ద పేరు తెచ్చుకున్నాడు. ఉద్దానం జబ్బు అతణ్ణీ వదల్లేదు. యాభై నిండకుండానే కిడ్నీలు పాడై చనిపోయాడు.

మనిషితో వేగడం మాత్రం ఎవరి వల్లా అయ్యేది కాదు. పని నచ్చకపోతే ల్యాప్‌టాప్ గోడకేసి కొట్టేవాడు. పెళ్లి పీటల మీది నుంచి లేచి రమ్మని ఇంజనీరుకి ఫోన్ చేసిన ఘనుడు. గౌరీశ్వరి ఏదీ దాచలేదు. మంచీ చెడ్డా రెండూ రాసింది.

కాశీబుగ్గలో ఆవిష్కరణ సభ జరిగాక ఫోన్లు మొదలయ్యాయి. కాలేజీ పిల్లలు, "మేడమ్, నేనూ అలాగే అవుతాను" అనేవారు. ఏది అలాగే అవుతారో ఆమెకు అర్థమయ్యేది కాదు. ఒకప్పుడు అతని దగ్గర పనిచేసినవాళ్లు చేస్తే వేరుగా ఉండేది. మొదట మర్యాదగా మొదలుపెట్టేవారు. రెండు మాటలయ్యాక, అతనేమన్నాడో చెప్పబోయి, అతని గొంతుతోనే అరిచేవారు. ఆ కసురు, ఆ చివర విసురు అచ్చం అవే. ఎవరు ఫోన్ చేసినా కాసేపటికి అవతల ఢిల్లీబాబే ఉన్నట్టు ఉండేది.

అతనితో కలిసి కంపెనీ పెట్టి, తర్వాత గెంటించుకున్న బాలకృష్ణ కూడా చేశాడు.

"సగంలో మూసీసినాను మేడమ్. అరుపుల్లేని పేజీలో కూడా అరుత్తన్నట్టే ఉంది. ఇంట్లో ఉంచబుద్ధి కాక లైబ్రరీకి ఇచ్చీసినాను" అన్నాడు. మళ్లీ తనే, "ఇచ్చీసి ఇంటికొచ్చి తలుపు తీత్తే, లేటయిందేటని ఎవడో అడిగినట్టయింది" అన్నాడు. నవ్వు వినిపిస్తుందేమోనని ఎదురుచూసింది గౌరీశ్వరి. నవ్వలేదు.

ఆ వారంలోనే జీడి ఫ్యాక్టరీ యజమాని గోపాలరావు ఇంటికే వచ్చాడు. కుర్చీలో కూర్చోకుండానే అందుకున్నాడు.

"ఏటి మేడమ్ గారూ ఇలాగ రాసినారు? మిసన్లో గొంతు ఆ ఢిల్లీబాబుదేనని రాయకపోతే ఏటి?"

నిజమే, రాసింది. చెయ్యి దగ్గరికొస్తే కెమెరా యంత్రాన్ని ఆపుతుంది గానీ, కత్తి తిరగడం ఆగడానికి ఒక్క క్షణం పడుతుంది. ఆ క్షణంలో మనిషే చెయ్యి లాక్కోవాలి. అందుకని యంత్రం అరుస్తుంది: "ఆగెహె! సెయ్యి తియ్యి! కళ్ళేటి సేత్తన్నాయి?" తియ్యటి గొంతులు ఎన్ని పెట్టి చూసినా జనం ఉలిక్కిపడలేదని, ఢిల్లీబాబే డయాలసిస్ కుర్చీలో కూర్చుని, పక్క రోగులు బెదిరిపోయేలా అరిచి రికార్డు చేశాడు. పుస్తకం వచ్చేదాకా ఆ గొంతెవరిదో ఫ్యాక్టరీలో ఎవరికీ తెలీదు. ఆడవాళ్లు దాన్ని 'మావ' అని పిలిచి, ఎదురు సమాధానాలు చెప్పి నవ్వుకునేవారు.

"ఒక పిల్ల సదివి అందరికీ వినిపించింది" అన్నాడు గోపాలరావు. "అప్పటికాడినుంచి పని సాగట్లేదు. మిసనుకి నిమ్మకాయలు కడతన్నారు, కర్పూరం ఎలిగిత్తన్నారు. సచ్చినోడి గొంతు పక్కన కూకోం అంటన్నారు. మీరొచ్చి, అది ఉత్తదేనని ఒక్క మాట సెప్పండి. మీ మాటంటే ఇంటారు."

"నిజాన్ని ఉత్తదని ఎలా చెప్తానండీ?"

"అయితే వొచ్చి సూడండి" అన్నాడతను.

మర్నాడు మధ్యాహ్నం వెళ్లింది. షెడ్డు నిండా కాలిన జీడిపిక్కల ఘాటు, ఆడవాళ్ల వేళ్ల మీద జీడి మరకలు. ఎప్పుడూ పాటలూ కబుర్లూ వినిపించే చోటు, ఎవరో పోయిన ఇంటిలా ఉంది. మూలనున్న యంత్రం పక్కన ఒక ముసలావిడ నిలబడి ఉంది. గౌరీశ్వరి గుర్తుపట్టింది. ఢిల్లీబాబు అక్క అసిరమ్మ. తమ్ముడికి కిడ్నీ ఇచ్చినా దక్కించుకోలేకపోయిన మనిషి. ఆ సంగతీ పుస్తకంలో ఉంది.

అసిరమ్మ మెల్లగా చెయ్యి చాచింది. ఆకు మీద వాలబోయే సీతాకోకని పట్టుకునేటంత మెల్లగా. కెమెరా మీద ఎర్ర దీపం వెలిగింది. యంత్రం ఆగింది.

"ఆగెహె! సెయ్యి తియ్యి! కళ్ళేటి సేత్తన్నాయి?"

షెడ్డులో ఆడవాళ్లంతా ఒక్కసారి తలలు వంచుకున్నారు. అసిరమ్మ చెయ్యి తీసింది. యంత్రం మళ్లీ తిరిగింది. ఆమె మళ్లీ చెయ్యి చాచింది.

ఆ గొంతు గౌరీశ్వరి రికార్డుల్లో వెయ్యిసార్లు విన్నదే. కానీ ఇప్పుడది ఒక మనిషిని చూసి, ఆ మనిషికే చెబుతున్నట్టుంది.

"సోంపేట నుంచి రోజూ బస్సులో వత్తాది మేడమ్ గారూ" అని బొడ్డమ్మ గొణిగింది. అక్కడ అందరికన్నా పాత కూలిమనిషి ఆమె. "కూకోదు, తిందు. ఇదే పని. మాకు ఆ గొంతు కన్నా ఈవిడంటేనే బయ్యిం."

గౌరీశ్వరి అసిరమ్మ భుజం పట్టుకుని పక్కకి తీసుకెళ్లింది. "ఎందుకమ్మా ఇలా?"

"బతికున్నన్నాళ్లూ నాతో తిన్నగా మాటాడనేదమ్మా" అంది అసిరమ్మ. "నా కిడ్నీ ఏసినాక అసలే మానీసినాడు. ఎదురుపడితే తల తిప్పుకునీవోడు. ఆడికి ఒకరి దగ్గర తీసుకోడమంటే సావే. ఇదిగో, ఇక్కడైతే సెయ్యి పెడితే మాటాడతన్నాడు. నాకు దెబ్బ తగలకూడదనే కదా అరుత్తన్నాడు?"

పుస్తకం పొడుగునా ఆ మనిషి ఎందుకలా ఉండేవాడో గౌరీశ్వరి వెతికింది. ఈవిడ దాన్ని రెండు ముక్కల్లో చెప్పేసింది.

అబద్ధం చెప్పనని గోపాలరావుకి తేల్చి చెప్పేసింది. అతను విసుక్కుని, మెకానిక్కుని పిలిపించి గొంతు మార్పించాడు. కొత్తది ఎవరో ఆడమనిషిది, రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటులా నింపాదిగా, "దయచేసి మీ చేతిని దూరంగా ఉంచండి" అంటుంది. నిమ్మకాయలు తీసేశారు. షెడ్డులో పాటలు మళ్లీ మొదలయ్యాయి. అసిరమ్మ ఆ రోజు వచ్చి, చెయ్యి చాచి, కొత్త గొంతు విని, సోంపేట బస్సెక్కి వెళ్లిపోయిందట.

ఆ తర్వాత కొన్నాళ్లకే బొడ్డమ్మ చెయ్యి కత్తికింద పడింది. ఇరుక్కున్న పిక్కని తీయబోయింది. దయచేసి అన్న మాట చెవిన పడింది గానీ, ఒంటికి తగల్లేదు. చూపుడువేలి కొస పోయింది.

గౌరీశ్వరి ఆసుపత్రికి వెళ్లేసరికి బొడ్డమ్మ కట్టు కట్టించుకుని బల్ల మీద కూర్చుని ఉంది. పక్కనే ఫ్యాక్టరీ ఆడవాళ్లు నలుగురు.

"మావని మళ్లీ పెట్టీమని సెప్పినాం గోపాలరావు బావుకి" అంది బొడ్డమ్మ.

"భయం కదమ్మా మీకు?"

"బయ్యమే. పెట్టినా బయ్యమే, తీసినా బయ్యమే. ఆ అరుపుకి సెయ్యి దానంతటదే ఎనక్కొచ్చీది మేడమ్ గారూ. ఎవడి గొంతైతే ఏటి? సచ్చినోడికి మన సెయ్యి మీద ఉన్న దయ, బతికున్న ఈ అమ్మికి నేదు."

పక్కనున్నవాళ్లు నవ్వబోయారు గానీ, నవ్వు పైకి రాలేదు.

ఆ సాయంత్రానికే పాత గొంతు తిరిగి వచ్చింది. అసిరమ్మకి ఈ కబురు తనే చెప్పాలనిపించి, గౌరీశ్వరి మర్నాడు సోంపేట బస్సెక్కింది. అక్కణ్ణుంచి ఆటోలో జీడితోటల మధ్యగా ఆమె ఊరు చేరింది. అసిరమ్మ వాకిట్లో చాప మీద కూర్చుని కొబ్బరాకుల్లోంచి ఈనెలు తీస్తోంది. విషయం విని, చేతిలో ఆకు పక్కన పెట్టింది.

"నేను రానమ్మా."

"మీకోసమే వచ్చాను. మళ్లీ వినొచ్చని."

"ఆడు పోయినపుడు నాకు ఏడుపు రానేదు. కొరివి పెట్టినపుడూ రానేదు. అందరూ రాయి అన్నారు. ఆ మిసను నోరు మూసినాక, ఇంటికొచ్చి ఇక్కడే కూకున్నాను, అప్పుడొచ్చింది. రెండు రోజులు ఏడిసినాను. ఇప్పటికి ఆడు పోయినాడు నాకు. మళ్లీ పిలవకండి ఆడిని."

గాలికి జీడాకులు నేల మీద దొర్లుతున్నాయి. అసిరమ్మ మళ్లీ ఆకు చేతిలోకి తీసుకుని, "ఇంకొకటి అడగనా?" అంది. "మీ పొత్తకంలోంచి నా పేరు తీసీగలరా? అది వొచ్చినకాడినుంచి అందరూ నా మొకం సూడ్డం మానీసి, నా పక్కటెముకల కేసి సూత్తన్నారు. అక్కడేదో ఆడు కూకున్నట్టు."

గౌరీశ్వరి తీసేస్తానంది. తీసేసింది కూడా. రెండో ముద్రణలో 'అక్క' అని మాత్రమే ఉంది.

ఆ అక్క ఎవరని, ఎక్కడుంటుందని, ఒక్కసారి చూసి దండం పెట్టుకుంటామని పాఠకులు ఇప్పటికీ ఫోన్లు చేస్తూనే ఉంటారు. కొందరు బతిమాలుతారు, కొందరు తిడతారు. గౌరీశ్వరి అందరి మాటా ఓపిగ్గా వింటుంది, చెప్పదు. మొన్న ఒకతను, "చనిపోయిందా మేడమ్?" అని అడిగాడు. "మళ్లీ పిలవకండి ఆవిణ్ణి" అంది గౌరీశ్వరి, అసిరమ్మ మాటనే తిప్పి. అవతలతను ఫోన్ పెట్టేయలేదు, ఆమే పెట్టేసింది.