అడుగంటిన అన్నం

కృష్ణా వరద మా లంకలో నడుముల్లోతు నిలిచిన మరుసటేడు అది. మా అమ్మాయి తిరుమల సింగపూర్‌లో, చాంగీ బిజినెస్ పార్కులో కంప్యూటర్ ఉద్యోగం చేసేది. నన్నూ వాళ్లమ్మ అంకమ్మనూ చూసిపొమ్మని పిలిపించింది. ఎక్కువ మాట్లాడే అలవాటు నాకు లేదు. ఇదొక్కటీ చెప్పాలి.

ఆదివారం పది దాటాక, టోవా పాయోలో తనుండే ఫ్లాటు దగ్గరే ఉన్న హోటలుకు తీసుకుపోయింది. టిఫినూ కాదు, భోజనమూ కాదు, రెండూ కలిపి తింటారంట. బయట జనం బారులు తీరి ఉన్నారు. ఒక దేశం వంటలో ఇంకో దేశం వంట కలుపుతారని దానికి పేరు. దోసెలో చీజు, అట్లాంటివి. అంకమ్మ తనకేమీ తెప్పించుకోలేదు. "మీరు తినండి, మిగిలింది నేను తింటాలే" అంది.

చివరికి ఒక మట్టికుండ తెచ్చారు. అన్నం మీద పీత కూర, గుడ్డు. కింద అన్నం కుండకు కరుచుకుని ఎర్రగా మాడి ఉంది. వడ్డించే పిల్ల గరిటెతో అడుగు గీకి నా పళ్లెంలో వేసింది.

"అడుగుదే రుచంట నాన్నా. దీనికోసమే ఆ లైను" అంది తిరుమల.

కరకరలాడింది. రెండోసారి అడిగి వేయించుకున్నాను. "ఎట్టా చేశారో అడిగి నేర్చుకోవే" అన్నాను అంకమ్మతో.

ఆమె నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. "నేర్చుకునేదేముందయ్యా. మాడబెట్టడమే. నువ్వు కుక్కకెయ్యమన్నదే ఇది."

నిజమే. పొలం నుంచి వచ్చి కూర్చున్నాక ఒక్క మాడు మెతుకు కనిపిస్తే చాలు, పళ్లెం నెట్టేవాణ్ణి. కుక్కకెయ్యి అనేవాణ్ణి. ఆమె పళ్లెం లోపలికి తీసుకుపోయి, తెల్లన్నం తెచ్చి పెట్టేది. ఆ లోపలికి పోయిన అన్నం ఏమైందని ముప్పై ఏళ్లలో ఒక్కనాడూ అడగలేదు. పొయ్యి దగ్గర ఒక్కతే కూర్చుని నములుతూ నన్ను ఏమనుకునేదో.

తిరుమల నవ్వింది. "మనింట్లో కుక్కెక్కడిదమ్మా? నేనెప్పుడూ చూళ్లేదే."

అంకమ్మ నా వంక చూసింది. చెప్పమని కాదు, ఏం చెప్తానో చూద్దామని.

"ఉండేదిలే. నువ్వు పుట్టకముందు" అన్నాను.

అంకమ్మ అవుననలేదు, కాదనలేదు. నా పరువు నాకే వదిలేసింది. కాసేపటికి కూతురి వైపు పళ్లెం జరిపి, "నాకు పైనున్న తెల్లన్నం వెయ్యమ్మా. మాడు వద్దు" అంది.

"అదే బాగుందమ్మా, తిని చూడు."

"తిన్నాలే. చాలా తిన్నా."

నాకిది కావాలి, ఇది వద్దు అని ఆమె అనగా వినడం నాకదే మొదలు.

తెల్లారి తిరుమల ఆఫీసుకు బయల్దేరి తలుపు దగ్గర చెప్పులు వేసుకుంటోంది. అంకమ్మ వంటగదిలో బాక్సు కడుతోంది. నేను పోయి తిరుమల పక్కన నిలబడ్డాను.

"ట్రైనుకు టైమవుతోంది నాన్నా, ఏంటి?"

అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాను. వంటగదిలోకి వినపడేట్టు, "మనింట్లో ఎప్పుడూ కుక్క లేదమ్మా" అన్నాను. "మీ అమ్మ తినేది."