తలకెక్కిన పోపు

నేను ఒక గరిటెను అనగానే మీకు పెళ్లిపందిట్లో సాంబారు పోసే పెద్ద గరిటె గుర్తొస్తుంది. నేను ఆ జాతి కాదు. ఎవరో వండినదాన్ని ఇంకెవరికో మోసుకెళ్లే పని నా వల్ల కాదు. నేను పోపు గరిటెను. గుప్పెడంత గుంట, జానెడున్నర కాడ, కాడ చివర మేకుకి తగిలించే కొక్కెం. నూనె, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ నాలో రెండు నిమిషాలు కొట్టుకుంటేనే మీ పప్పు పప్పవుతుంది. అంతవరకూ అది ఉడికిన కందిబద్దలు మాత్రమే.

నన్ను చేసిన కమ్మరి ఒక పాత ఇనపరేకును ఎర్రగా కాల్చి సుత్తితో బాది గుంట చేశాడు. బాదినంతసేపూ ఎవరో అల్లుణ్ణి తిడుతూనే ఉన్నాడు. నా గుంట ఎడమవైపు సొట్టగా ఉండడానికి కారణం ఆ అల్లుడే. సంతలో నన్ను కొన్న సుభద్రమ్మగారికి ఒక నియమం ఉండేది: ఇనపగరిటెను తోమకూడదు, గుడ్డతో తుడిచి తగిలించాలి. అందుకే ఆవిడ నలభై ఏళ్ల పోపులు నా ఒంట్లో పొరలు పొరలుగా ఉన్నాయి. ఆవిడ తరవాత కూతురు చేతికి వచ్చాను. ఆ కూతురు ఒక నల్లటి నాన్‌స్టిక్ పాత్ర వ్యామోహంలో పడి నన్ను అటకెక్కించింది. పదకొండేళ్లు బొద్దింకలతో కాపురం చేశాను.

నన్ను దింపింది మనవరాలు వింధ్య. పెళ్లి కుదరగానే నిచ్చెన వేసుకుని తనే ఎక్కి, "అమ్మమ్మ గరిటె నాది" అని తీర్మానించింది. సారెలో వెండికంచానికీ కుంకుమభరిణెకీ మధ్య నన్ను పెట్టారు. ఆ రెండూ దారి పొడుగునా నాతో మాట్లాడలేదు.

అలా కాకినాడలో ఒక మేడ మీద వాటాకి చేరాను. వంటిల్లు చిన్నది, తలుపు తీస్తే డాబా. వింధ్య ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదివింది. అయినా ఆవాలు చిటపటమన్న ప్రతిసారీ చప్పట్లు కొడుతుంది. మొగుడు నందకిశోర్ పోర్టు ఆఫీసులో ఉద్యోగం. ఇంగువ వాసన రాగానే చదువుతున్న పేపరు పడేసి వంటింట్లోకి వస్తాడు. "ఏం చేస్తున్నావ్?" అంటాడు. "పోపు" అంటుంది. ఇద్దరూ నవ్వుకుంటారు. ఇందులో నవ్వేందుకు ఏముందో నాకు అర్థం కాదు. పెళ్లయి మూడు నెలలే కదా అని సరిపెట్టుకునేదాన్ని.

ఒక్కటే చిక్కు. అతను తల ముట్టుకోనివ్వడు. వింధ్య సరదాగా జుట్టు చెరపబోతే, ఎవరో బంతి విసిరినట్టు వంగి తప్పించుకుంటాడు. మొదటి నెల అది చక్కిలిగింత అనుకుంది. రెండో నెల క్రాపు చెడుతుందని కాబోలు అనుకుంది. మూడో నెలలో ఒక ఉదయం నేను పొయ్యి మీద ఉండగా, వాళ్ల అక్కతో ఫోనులో మాట్లాడింది.

"అక్కా, నా చెయ్యి తగిలితే ఆయనకి ఇష్టం లేదేమో."

"పిచ్చిదానా, అప్పుడే మూడు నెల్లకేనా? మీ బావకి పదేళ్లు పట్టింది."

"నవ్వకే. నిజంగా చెప్తున్నా. వెనక్కి లాగేసుకుంటారు."

ఆ రోజు పోపు మాడింది. తప్పు నాది కాదు.

నిజానికి సంగతి నాకు ముందే తెలుసు. వింధ్య స్నానానికి వెళ్లినప్పుడు అతను స్టీలుపళ్లెం వెనక పట్టుకుని, ఎదురుగా ఫోను పెట్టుకుని నడినెత్తి చూసుకునేవాడు. అక్కడ జుట్టు పలచబడింది. నేను వంటింటి మనిషిని, నా కొలతలు నావి: పెళ్లినాటికి గారె చిల్లంత ఉన్నది ఇప్పుడు చిల్లుతో సహా గారె అంత అయింది. చుట్టూ ఉన్న వెంట్రుకలను దాని మీదికి దువ్వి కప్పేవాడు. ఎవరి చెయ్యి పడినా గుట్టు బయటపడుతుంది. అందుకే ఆ తప్పించుకోవడం.

సూట్‌కేసులో, శీతాకాలం కోటు కింద, అతని నూనె సీసాలు దాగి ఉండేవి. కాకినాడలో కోటు ఎందుకని ఎవరూ అడగలేదు కాబట్టి ఆ చోటు భద్రం. ఆముదం ఆఫీసులో పై అధికారి చెప్పినది. ఆయనకు చెవుల మీద తప్ప జుట్టు లేదు. ఉల్లినూనె మంగలి చెప్పాడు. రోజ్‌మెరీ నూనె ఫోనులో ఒక పిల్ల చెప్పింది. ఆ పిల్లకు పుట్టుకతోనే మోకాళ్ల దాకా జుట్టు. నల్లజీలకర్ర నూనె బస్సులో పక్కన కూర్చున్నాయన సిఫారసు. కొబ్బరినూనె మాత్రం ఎవరూ చెప్పకుండానే కొన్నాడు. బట్టల కొట్లో బొమ్మకి తొడిగింది చూసి గానీ కొనని మనుషులు, నూనె దగ్గరికి వచ్చేసరికి చెప్పినవాడి తల వైపైనా చూడకపోవడం నాకు ఎప్పటికీ వింతే.

ఒక ఆదివారం పొద్దున్న వింధ్య గోంగూరపచ్చడికి పది ఎండుమిరపకాయలతో ఘాటుగా పోపు పెట్టింది. నియమం ప్రకారం నన్ను తుడిచి మేకుకి తగిలించి రైతుబజారుకి బయల్దేరింది. గేటు చప్పుడు వినపడగానే అతను కోటు ఎత్తి సీసాలన్నీ వంటింట్లోకి తెచ్చాడు. ఒక్కోటీ విడిగా రాస్తే ఎప్పటికవుతుందనుకున్నాడో ఏమో, ఐదు నూనెలూ నాలోనే పోశాడు. మంట పెద్దది పెట్టాడు. గోరువెచ్చన అనే మాట ఆ ఇంట్లో అతని చెవిన పడలేదు. నా అడుగున సుభద్రమ్మగారి కాలం నుంచి నిద్రపోతున్న కారమంతా కళ్లు తెరిచింది. పైన పొద్దుటి మిర్చి ఉండనే ఉంది. చల్లారిందని నూనెను వేలితో చూసుకున్నాడు. మిరపకాయ వేలికి తెలియదు, నెత్తికి తెలుస్తుంది. కళ్లు మూసుకుని నన్ను నడినెత్తిన వంచుకున్నాడు.

అలాంటి చిందులు నేను ఆవాల్లో కూడా చూడలేదు. నన్ను విసిరేసి, అంట్లతొట్టిలో పంపు కింద తల పెట్టాడు. సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని వింధ్య వచ్చింది.

"ఏవండీ, సంచి మర్చిపోయా..." అంటూ ఆగిపోయింది. "ఏమైందండీ?"

"ఏం లేదు. తలస్నానం."

"అంట్లతొట్లోనా?"

"ఇక్కడ నీళ్లు చల్లగా ఉన్నాయి."

ఆమె దగ్గరికొచ్చి పంపు కట్టేసింది. "మీ దగ్గర ఇంగువ వాసనొస్తోందేంటి?"

అతను తలెత్తక తప్పలేదు. కప్పి దువ్విన జుట్టంతా తెర జారినట్టు ఒక పక్కకి వేలాడింది. మధ్యలో ఎర్రగా కందిన గారె. దాని నడుమ ఒక ఆవగింజ.

వింధ్య దగ్గరికి వంగి చూసింది. అతను కళ్లు మూసుకున్నాడు. నూనె అంటుకుని మంట లేచినప్పుడు కూడా బెదరని దాన్ని, ఆ చూపుకి బెదిరాను. ఆమె రెండు వేళ్లతో ఆవగింజ తీసింది. ఈసారి అతను తప్పించుకోలేదు.

"దీనికా?" అంది. "దీనికా మూడు నెల్ల నుంచీ నా చెయ్యి తోసేస్తున్నారు?"

"పెళ్లిచూపులకి ముందు పంపిన ఫొటో నాలుగేళ్ల కిందటిది వింధ్యా. చెప్దామనే అనుకున్నా. ఫొటో చూసే ఒప్పుకున్నావని మీ బాబాయిగారు అన్నారు. దాంతో నోరు పెగల్లేదు."

"మా బాబాయికేం తెలుసు? పెళ్లిచూపుల్లో ఉప్మాలో జీడిపప్పులన్నీ ముందు మీరే ఏరుకు తినేశారు. ఈయనతో బతకొచ్చు అనిపించింది."

"తల చూళ్లేదా?"

"వంగి మా నాన్నకి దణ్ణం పెట్టారుగా, చూడకేం? నాకు తెలుసు, మా నాన్నకి తెలుసు, దండలప్పుడు కుర్చీ ఎక్కి వీడియో తీసినతనికి అందరికంటే బాగా తెలుసు. అది దాచుకునే సంగతని నాకెలా తెలుస్తుందండీ? నేనంటేనే ఇష్టం లేదేమో అనుకున్నా."

"ఛ. నువ్వంటేనా?"

ఆ పైన వాళ్లు మాట్లాడుకున్నది ఒక గరిటె చెప్పదగ్గ విషయం కాదు. కాసేపటికి వింధ్య ముక్కు తుడుచుకుని సీసాలను వరసగా నిలబెట్టింది. బాటనీ బయటికొచ్చింది.

"ఇవన్నీ కలిపి పోశారా? ఇది తలా, శివలింగమా? ఆముదం ఒక్కటే రాస్తే జిడ్డు వదలదు. మూడు వంతులు కొబ్బరినూనెలో ఒక వంతు కలుపుకోవాలి. రోజ్‌మెరీది ఘాటు నూనె, కొబ్బరినూనెలో నాలుగు చుక్కలేస్తే ఎక్కువ. కొత్త నూనె ఏదైనా ముందు మోచేతి మడతలో రాసి ఒక రోజు చూడాలి. దురద రాకపోతేనే తలకి."

"రాస్తే మొలుస్తాయా?"

"ఉన్నవి మెత్తగా ఉంటాయి, తొందరగా తెగవు. ఊడినవి మొలిపిస్తానని ఏ గింజా నాకు చెప్పలేదు."

మధ్యాహ్నం అతని తల్లి ఫోను చేసింది. వింధ్య దాచకుండా అంతా చెప్పింది. అవతల ఆవిడ నవ్వు నా మేకు దాకా వినపడింది.

"వాళ్ల నాన్నకీ అంతేనమ్మా. ఇరవయ్యేళ్లు ఆదివారం ఆదివారం నేనే రాశాను."

"మొలిచాయా అత్తయ్యగారూ?"

"ఎక్కడ? కానీ రాసినంతసేపూ ఆయన నోరు మూసుకుని కూర్చునేవారు. అది చాలదూ? అన్నట్టు, ఆ గరిటెతో మళ్లీ పోపు పెట్టకమ్మా. తలకి వాడింది పప్పులోకి పనికిరాదు."

ఒక్క వాక్యంతో నా ఉద్యోగం ఊడింది. నలభై ఏళ్ల సర్వీసు చూడలేదు, సంజాయిషీ అడగలేదు. ఆ సాయంత్రమే వింధ్య నా జీవితంలో మొదటిసారి నన్ను సబ్బుపెట్టి, పీచుపెట్టి తోమింది. సుభద్రమ్మగారి పోపులన్నీ నల్లగా తూములోకి పోయాయి. డాబా మీద నీళ్లపంపు పక్కన కొత్త మేకు కొట్టి తగిలించారు. వంటింట్లో నా మేకుకి ఇప్పుడు స్టీలు గరిటె వేలాడుతోంది. దాని పోపు నాకు వాసనలోనే తెలుస్తుంది. ఆవాలు సగమే పేలతాయి. నేనేమీ అనను.

ఇప్పుడు నా పని ఆదివారాలే. ముందు నన్ను ఖాళీగా కాస్త వేడిచేసి, మంట ఆపేసి, అప్పుడు గానుగ నుంచి తెచ్చిన కొబ్బరినూనె, కొద్దిగా ఆముదం పోస్తుంది. నా వేడికే అది గోరువెచ్చనవుతుంది. అతను పీట మీద కూర్చుంటాడు. గోళ్లు తగలకుండా వేళ్ల కొసలతో రాస్తుంది, గంట ఆగి కుంకుడుకాయ రసంతో తలంటుతుంది. పన్నెండు ఆదివారాలయ్యాయి. గారె గారెలాగే ఉంది. ఒక్క వెంట్రుకా మొలవలేదు. అతను మాత్రం ఇప్పుడు ఆ స్టీలుపళ్లెంలో అన్నమే తింటున్నాడు.

పప్పుకి ప్రాణం పోసినదాన్ని, బట్టతలకు నూనె కాచడానికి దిగానే అని మొదట్లో బాధపడ్డాను. మొన్న బుధవారం అతను ఇక్కడే డాబా మీద కుర్చీ వేసుకుని పేపరు చదువుతున్నాడు. వింధ్య తడిబట్టలు ఆరేసి వెళ్తూ వెళ్తూ అతని నడినెత్తిన చెయ్యి వేసింది. నూనె లేదు, ఆదివారం కాదు, నా అవసరం ఎవరికీ లేదు. అతను పేపరులోంచి తల ఎత్తకుండానే ఆ చేతి కిందికి కాస్త జరిగి, "ఇంకొంచెం ఎడమకి" అన్నాడు.