అవతలి గట్టు మాటలు

సాయంత్రం ప్రాక్టీసు ముగిశాక ఓరిన్ టివెట్ నేరుగా ఇంటికొచ్చేవాడు. బూట్లకంటిన బురద గుమ్మం దగ్గర దులుపుకుని, నిన్నటి కూర వేడి చేసుకుని, పళ్లెం పట్టుకుని వెనక వరండాలోకి వెళ్లి కూర్చునేవాడు. నవంబరు చలిలో, టోపీ చెవులదాకా లాక్కుని, ఆరుబయట భోంచేసే అరవై ఏళ్ల మనిషిని చూసి హెల్మర్ ఊళ్లో ఎవరూ నవ్వేవారు కాదు. నదికి అవతలి గట్టున, సరిగ్గా ఎదురుగా, అతని భార్య మారిట్ కూడా ఆ వేళకి వాళ్ల చెల్లెలి వరండాలో కూర్చుని బంగాళాదుంపలు చెక్కుతూ ఉంటుందని అందరికీ తెలుసు.

"మూడు అక్షరాలు," అని ఆమె పత్రికలోని గళ్లనుడికట్టు పైకి చదివేది. "పశువుల కొట్టంలో ఉంటుంది, పాలివ్వదు."

"ట్రాక్టరు," అనేవాడు ఓరిన్ నోట్లో ముద్ద పెట్టుకునే. అది ఆమెకి వినపడదు. వినపడదు కాబట్టే అనేవాడు.

నది చప్పుడు ఆ ఏడు ఆస్బీ వాళ్లది. ఆ ఏడే కాదు, తొమ్మిదేళ్లుగా వాళ్లదే. ఏటా నవంబరులో హెల్మర్ కాలేజీకీ ఆస్బీ కాలేజీకీ అమెరికన్ ఫుట్‌బాల్ ఆట జరుగుతుంది, బంతిని చేత్తో విసిరి, పట్టుకుని, అవతలి గీత దాటించే ఆట. గెలిచిన ఊరి గట్టుకే మళ్లీ ఏడాదిదాకా నది చప్పుడు దక్కుతుంది. నీళ్లు మాత్రం ఇద్దరివీ. హెల్మర్ వైపు నిలబడి చూస్తే నది రాళ్ల మీద దూకుతుంది, నురగలు కక్కుతుంది, కానీ టీవీలో మాట నొక్కేసినట్టు ఒక్క చప్పుడుండదు. పోయిన చప్పుడు పోగా, ఆస్బీ గట్టున ఎవరు ఏం మాట్లాడినా హెల్మర్‌లో పక్కగదిలో మాట్లాడినట్టు వినపడుతుంది. ఆ సంగతి తెలుసు కాబట్టి ఆస్బీలో గుట్టున్న వాళ్లు లోపలికెళ్లి తలుపులు మూసుకుని పోట్లాడుకుంటారు. ఇటు నుంచి అటు మాత్రం ఎంత అరిచినా ఆ హోరులో కలిసిపోవలసిందే.

మారిట్ పుట్టింది ఆస్బీలో, నది చప్పుడు పక్కన. పెళ్లయి ఈ గట్టుకి వచ్చినప్పుడు చప్పుడూ ఇక్కడే ఉండేది. అది పోయాక ఆమెకి నిద్ర పోయింది. ఫ్యాను పెట్టుకుంది, వాన చప్పుడు చేసే పెట్టె కొనుక్కుంది. ఐదేళ్లు అలా నెట్టుకొచ్చి, ఒక వసంతంలో, "రెండు రాత్రులు చెల్లి ఇంట్లో పడుకుని వస్తాను," అంది. ఓరిన్ ఆమె పెట్టె మోసుకెళ్లి కారులో పెట్టాడు. అద్దం తుడిచాడు. టైర్లలో గాలి చూశాడు. ఆ రెండు రాత్రులు నాలుగేళ్లయ్యాయి. తగువు లేదు, లాయర్లు లేరు. ఆదివారం ఆదివారం ఫోన్లో మాట్లాడుకునేవాళ్లు, చెల్లెలి మోకాలి గురించీ, హీటరు ఫిల్టరు గురించీ. ఇద్దరూ బ్యాంకు కిటికీకి చెరోవైపు నిలబడ్డ మనుషుల్లా మాట్లాడేవాళ్లు. కానీ వరండాలో మాట్లాడే మారిట్ వేరు. ఆ మారిట్ పాత పాటలు కూనిరాగం తీసేది, ఉడతల్ని తిట్టేది, మేయరు పెట్టుకున్న విగ్గు మీద తనలో తాను హాస్యాలాడేది. ఆ గొంతు వింటే తప్ప ఓరిన్‌కి పొద్దు గడిచినట్టుండేది కాదు.

ఓరిన్ హెల్మర్ కాలేజీ జట్టుకి కోచ్. ఆస్బీతో ఆట ఇక ఆ శనివారమే.

"పెద్దాయనా, ఇవాళైనా తేల్చండి," అన్నాడు టెరెల్ బూకర్. అతను ఓరిన్ కింద పనిచేసే కోచ్, మిల్వాకీ పట్నం మనిషి, ఏ మాటా కడుపులో దాచుకోడు. "క్వార్టర్‌బ్యాక్ ఎవరు? గ్రేడీనా, ఎఫ్రేనా?"

క్వార్టర్‌బ్యాకంటే బంతి ముందుగా చేతికందుకునేవాడు. దాన్ని ఎవరికివ్వాలో, ఎంత దూరం విసరాలో కన్నుమూసి తెరిచేలోగా తేల్చేది వాడే. గెలిస్తే ఊరంతా వాణ్ణి ఎత్తుకుంటుంది, ఓడితే ఊరంతా వాడి చెయ్యి గురించే మాట్లాడుతుంది. గ్రేడీ హాల్వర్సన్ ఆఖరి ఏడు కుర్రాడు, నెమ్మది, తప్పు చెయ్యడు, బంతిని దూరం విసరలేడు. ఎఫ్రేన్ కాంట్రేరస్ రెండో ఏడు, వాళ్ల నాన్న కొండమీది పాలడెయిరీలో ఆవుల దగ్గర పనిచేస్తాడు. ఎఫ్రేన్ విసిరితే బంతి మైదానం సగం దాటేది. కాకపోతే మూడింట ఒకటి ఎదుటి జట్టువాడి చేతుల్లో పడేది.

"గ్రేడీ," అన్నాడు ఓరిన్. "జాగ్రత్తగా ఆడదాం. కొంచెం కొంచెం ముందుకెళదాం."

టెరెల్ కుర్చీ వెనక్కి వాల్చి పైకప్పు చూశాడు. "నేను పాత ఆటలన్నీ మళ్లీ చూశాను. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు సాగాలి కదా, మూడూ పోతే ఏం చేస్తారు మీరు? మిగతా జట్లతో మొండిగా నాలుగోదీ ఆడిస్తారు. ఆస్బీ మీదికొచ్చేసరికి బంతిని అవతలి జట్టుకి తన్నించేసి చేతులు దులుపుకుంటారు. ఒకసారి కాదు, వరసగా నాలుగేళ్లు. వేరే ఎవరైనా అయితే డబ్బు తిన్నాడనేవాణ్ణి."

"నేను డబ్బు తిన్నానా?"

"మీరా? మీరు కాఫీ కూడా ఇంటి నుంచి తెచ్చుకుంటారు," అన్నాడు టెరెల్. "అందుకే అర్థం కావట్లేదు."

ఆ మాట ఓరిన్‌కి ముల్లులా గుచ్చుకుని రోజంతా సలిపింది. మధ్యాహ్నం వెర్నా హోటల్లో సూపు తాగుతుంటే, వెర్నా గరిటె పట్టుకునే వచ్చి, "మా మనవరాలు నది బొమ్మ గీసింది కోచ్. నది నోటికి గుడ్డ కట్టేసింది. దానికి ఆరేళ్లు, నది ఎప్పుడూ ఇంతే అనుకుంటోంది," అంది. సూపుకి డబ్బు తీసుకోలేదు. తీసుకుంటే బాగుణ్ణు అనిపించింది ఓరిన్‌కి.

మర్నాడు గ్రేడీ ఆఫీసుకొచ్చాడు. టోపీ తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"శనివారం నన్నే దించుతున్నారటగా, కోచ్?"

"నాలుగేళ్లు ఓపిక పట్టావు నాయనా. అది నీకు దక్కాలి."

"అది సరే. నన్ను దించితే గెలుస్తామనా, ఓడిపోతామనా?"

"ఏం మాటరా అది?"

"నాకు ఆడాలనుంది కోచ్. ఎంతుందో చెప్పలేను. మా అమ్మ పడుకునేటప్పుడు కూడా నా నంబరున్న చొక్కా వేసుకుంటోంది." గ్రేడీ టోపీ బల్ల మీద పెట్టేశాడు. "చప్పుడు పోయిన రోజు నాకు పన్నెండేళ్లు. నాకు చెవుడొచ్చిందని ఏడిస్తే అమ్మ నా చెవుల్లో టార్చి వేసి చూసింది. మళ్లీ ఈ గట్టున అది వింటానని అప్పట్నుంచి చూస్తున్నాను. మనం గజం గజం పాకి, చివర్లో బంతి తన్నేసి, ఉత్త చేతుల్తో వంతెన దాటి రావడానికైతే మాత్రం నన్ను దించకండి. ఆ పనికి నేను వద్దు."



ఆ సాయంత్రం మారిట్ ఏదో పాట సగంలో మరిచిపోయి, మొదట్నుంచి ఎత్తుకుని, మళ్లీ అక్కడే మరిచిపోయింది. ఓరిన్ పళ్లెం ఒళ్లో పెట్టుకుని వింటూ, ఇన్నాళ్లూ తప్పించుకు తిరిగిన సంగతిని చివరికి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. మొదటి ఐదేళ్లూ నిజంగానే ఓడిపోయారు. తర్వాతి నాలుగూ అలా కాదు. ఓడిపోవాలని ఏనాడూ అనుకోలేదు, ఒట్టు. కానీ గెలిస్తే నది హోరు ఈ గట్టుకి వస్తుంది, ఈ గొంతు ఆ హోరులో మునిగిపోతుంది. చప్పుడు కోసం మారిట్ తిరిగొస్తుందా? రావచ్చు. ఆమె పుట్టిల్లు అది, నాలుగేళ్లలో అలవాటైపోయి రాకనూ పోవచ్చు. అప్పుడు అతనికి మనిషీ ఉండదు, గొంతూ ఉండదు. ఇలాగైతే గొంతైనా ఉంది. ఒక్క గొంతు కోసం ఊరంతటినీ నోరు నొక్కి కూర్చోబెట్టాడు. అతనికి సిగ్గేసింది. అంత సిగ్గులోనూ ఆ పాట ఇంకాసేపు సాగితే బాగుణ్ణనిపించింది.

పొద్దున్నే ఎఫ్రేన్‌ని పిలిచి చెప్పాడు.

"నేనా?" అన్నాడు ఎఫ్రేన్. "నేను విసిరితే ఎవడికి పోతుందో నాకే తెలీదు కోచ్."

"తెలుసు. విసురు. ఈసారి నాలుగో ప్రయత్నంలో బంతి తన్నేది లేదు. చివరిదాకా దూరమే."

గ్రేడీకి చెప్పడం కష్టమైంది. తనే అడిగిన మాటే అయినా వాడి ముఖం కందగడ్డలా అయింది. కళ్లు తుడుచుకుని, "ఆస్బీ మైదానంలో నది హోరుకి పక్కవాడి మాట కూడా వినపడదు," అన్నాడు. "అరిచి లాభం లేదు. నేను ఏటా ఆ గీత బయట నిలబడి చూశాను కదా. సైగలు నేను చేస్తాను. వాడు నా చేతులు చూస్తే చాలు."

మిగిలిన రోజులన్నీ జట్టు నోరు విప్పకుండా ప్రాక్టీసు చేసింది. గ్రేడీ గీత బయట నిలబడి చేతులు ఊపేవాడు, ఎఫ్రేన్ చూసి విసిరేవాడు. కింద పడితే టెరెల్ చప్పుడు లేకుండా పెదాలతోనే తిట్టేవాడు.

శనివారం మబ్బు పట్టింది. ఆస్బీ మైదానం నది ఒడ్డునే ఉంటుంది. అక్కడ అడుగుపెట్టగానే ఆ హోరు గుండెల్లో మోగింది, కుర్రాళ్లలో కొందరు చెవులు మూసుకున్నారు. ఎవరికి చప్పట్లు కొట్టాలో తెలియక మారిట్ ఏ ఆటకీ వచ్చేది కాదు, ఆ రోజూ రాలేదు. ఎఫ్రేన్ రెండుసార్లు బంతిని శత్రువుల చేతుల్లో పెట్టాడు, రెండుసార్లు గీత దాటించాడు. ఆట ముగియవస్తుండగా హెల్మర్ ఐదు పాయింట్లు వెనకబడి ఉంది, గీత ఒక్కసారి దాటిస్తే ఆరొస్తాయి. మైదానం నడిమధ్యన మూడు ప్రయత్నాలూ పోయాయి.

బంతి తన్నేవాడు అలవాటు ప్రకారం లేచి హెల్మెట్ పెట్టుకున్నాడు. టెరెల్ ఓరిన్ వైపు చూశాడు. ఆ క్షణంలో ఓరిన్‌కి కనిపించింది మైదానం కాదు, ఖాళీ వరండా, పళ్లెం, అవతలి గట్టున కదిలే పెదాలు, వినపడని మాట. అయినా తన్నేవాడి భుజం పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాడు. గ్రేడీ వైపు తిరిగి చెయ్యి పైకెత్తి దూరానికి చూపించాడు.

గ్రేడీ రెండు చేతులూ బార్లా చాపాడు. ఎఫ్రేన్ వెనక్కి నాలుగడుగులు వేసి విసిరాడు. బంతి చాలాసేపు గాల్లో ఉంది. గీత అవతలి మూలలో పరిగెడుతున్న సన్నటి కుర్రాడొకడు తలెత్తకుండానే చేతులు చాచాడు, బంతి వచ్చి వాటిలో పడింది.

అంతే, నది చప్పుడు ఆగిపోయింది. ఆస్బీ వాళ్లు వేలమంది ఒక్కసారి టోపీలు తీసి నిలబడ్డారు. ఎక్కడో ఒక పసిపిల్ల ఏడుపు ఊరంతా వినపడింది.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో అందరూ కిటికీల వైపు చెవులు పెట్టుకుని కూర్చున్నారు. వంతెన సగం దాటాక అది మొదలైంది, ముందు కాళ్ల కింద, తర్వాత అద్దాల్లో, తర్వాత అంతటా. గ్రేడీ కిటికీ తెరిచి తల బయటపెట్టి ఏడుస్తూ నవ్వుతున్నాడు.

"ఇక మన గట్టునా?" అని అరిచాడు ఎఫ్రేన్. "ఇంత గోలా? రేపట్నుంచి చదువుకునేదెట్లా?"

"నువ్వెప్పుడు చదివావురా!" అని టెరెల్ వాడి నెత్తిన ఒకటిచ్చాడు. గట్టు పొడుగునా హెల్మర్ జనం వంట గుడ్డలతో, ఇంటి చెప్పులతో అలాగే వచ్చి నిలబడి ఉన్నారు. వెర్నా మనవరాలిని భుజాన ఎత్తుకుంది. ఆ పిల్ల నోరు తెరుచుకుని నది వంక చూస్తోంది.

ఓరిన్ వాళ్లందరితో చేతులు కలిపి, వీపు తట్టించుకుని, ఇంటికొచ్చి వరండాలో కూర్చున్నాడు. తినాలనిపించలేదు. ఎదురుగా నది ఒక్క పెట్టున హోరెత్తుతోంది. ఊరు తొమ్మిదేళ్లు ఎదురుచూసిన చప్పుడది. అతని చెవులు మాత్రం దాని వెనక ఇంకో చప్పుడు కోసం వెతుకుతూనే ఉన్నాయి.

అవతల దీపం కింద మారిట్ ఉంది. ఒళ్లో బంగాళాదుంపలు లేవు, పత్రిక లేదు. కుర్చీ సూటిగా ఇటువైపు తిప్పుకుని, కోటు గుండీలన్నీ పెట్టుకుని, నోరు మూసుకుని కూర్చుంది. చప్పుడు పోయినందుకు దిగులు పడుతోందేమో అనుకున్నాడు. ఆమె చెయ్యెత్తి తన చెవి తాకింది. తర్వాత వేలు చాపి అతన్ని చూపించింది.

ఓరిన్‌కి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. ఆస్బీలో గుట్టున్నవాళ్లు లోపలికెళ్లి మాట్లాడుకుంటారు. మారిట్ నాలుగేళ్లుగా బయటే కూర్చుని మాట్లాడింది. మంచు పడుతుంటే కూడా బయటే కూర్చుని బంగాళాదుంపలు చెక్కింది. ఏ పిచ్చిది చేస్తుంది ఆ పని, అవతల ఎవరో వింటున్నారని తెలియకపోతే? తను దొంగతనంగా వింటున్నాననుకున్న ప్రతి మాటా ఆమె చేత్తో అందించినదే. ఇప్పుడు వినపడే గట్టు మారింది. ఇక మాట్లాడవలసింది తను.

గొంతు సవరించుకున్నాడు.

"హీటరు ఫిల్టరు మార్చాను," అన్నాడు. మారిట్ కదల్లేదు.

"గ్రేడీని దించలేదు. పాపం, చాలా బాధపడ్డాడు. వాడు లేకపోతే గెలిచేవాళ్లం కాదు."

ఆమె ఇంకా చూస్తూనే ఉంది. నది అతని మాటలు అతనికే వినపడనివ్వడం లేదు. ఎంత గట్టిగా అంటున్నాడో కూడా తెలియడం లేదు. బహుశా అందువల్లే కొంచెం సులువైంది.

"గెలిస్తే నీ గొంతు పోతుందని బంతి తన్నించేశాను, మారిట్. నాలుగేళ్లు. ఊరికి తెలిస్తే తంతారు, తన్నాలి కూడా. ఆ రోజు టైర్లలో గాలి ఎందుకు చూశానో నాకు తెలీదు. వెళ్లొద్దని చెబుదామనే బయటికొచ్చాను. చెప్పలేకపోయాను. ఇంటికి రా. నీ నది ఇక్కడికొచ్చింది. నది కోసం కాకపోయినా రా. నువ్వు లేకుండా నాకు బావుండటం లేదు."

మారిట్ లేచి నిలబడింది. ఏదో అంది. ఓరిన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు. ఆమె భుజాలు కదిలాయి, నవ్విందో ఏడ్చిందో అంత దూరం నుంచి తెలియలేదు. లోపలికెళ్లి దీపం ఆర్పేసింది.

అతను కమ్మీ పట్టుకుని చీకటిపడుతున్న ఆ వరండానే చూస్తూ నిలబడ్డాడు. తలుపు పడిన చప్పుడు వినపడదు. కారు కదిలిన చప్పుడూ వినపడదు. ఇన్నాళ్లూ ఆమె దగ్గు కూడా విన్నవాడు, ఇప్పుడేమీ తెలియక నిలబడ్డాడు. చాలాసేపటికి వంతెన అవతలి కొసన రెండు దీపాలు కనిపించాయి. అవి నెమ్మదిగా సగం దాటి, ఇటువైపు దిగి, ఇంటి దారికి తిరిగాయి.